ఇంజను ఆపితే తిరగని పడవ

మా బావకి బతుకులో ఒకటే భయం. నీళ్లంటే కాదు, గాలివానంటే కాదు, మా అక్కంటే కూడా కాదు. ఇంకొకరు నడిపే పడవలో కూర్చోవడమంటే భయం. ఎప్పుడైనా తప్పక ఎక్కాల్సి వస్తే కూర్చునేవాడు కాదు. నడిపేవాడి వెనకాల నిలబడి, వాడి మెడమీద ఊపిరి వదులుతూ, "కుడికి... ఇంకాస్త కుడికి... అబ్బ, ఆలస్యం చేశావు" అంటూ ఒడ్డు చేరేదాకా వాడి ప్రాణం తోడేసేవాడు.

లాంచీ నడిపే మనిషి కాబట్టి ఆయన్ని అందరూ సరంగు అనే పిలుస్తారు. అసలు పేరు బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నాకు మాత్రం బావ. మా అక్కని చేసుకున్న రోజునుంచీ నన్ను ఏడిపించడం ఆయన హక్కు, ఎదురు సమాధానం చెప్పడం నా హక్కు. ఆ లావాదేవీలో ఇద్దరం ఏనాడూ వెనకపడలేదు.

ఆయన గొప్పతనమల్లా పడవని ఒడ్డుకి చేర్చడంలో ఉండేది. రేవు ఇంకా అల్లంత దూరాన ఉండగానే ఇంజను ఆపేసేవాడు. ఇక చప్పుడుండదు. చేతిలో చుక్కాని, కింద నీళ్లు, అంతే. లాంచీ తనంతట తాను జారుకుంటూ వచ్చి, పిల్లి కాళ్లకి ఒళ్లు రాసుకున్నట్టు రేవు మెట్టుకి రాసుకుని ఆగేది. తల్లుల ఒళ్లో నిద్రపోయే పిల్లలు లేచేవాళ్లు కాదు. మిగతా సరంగులు మెట్టుదాకా ఇంజను మోత మోగించుకుంటూ వచ్చి ధన్‌మని తగిలేవాళ్లు. "వాళ్లు పడవలు నడపరు మరదలా, తోలతారు" అనేవాడు బావ.

వాళ్లిల్లు రేవు పక్కనే. అక్క వంటింట్లో ఉండి నది మీద చప్పుడు ఆగిపోయిందంటే చాలు, టీకి నీళ్లు పెట్టేది. ఆ నీళ్లు మరిగేలోపు ఆయన గుమ్మంలో ఉండేవాడు. ఇన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరి మధ్య ఉన్న సరసం అదొక్కటేనని నేను ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే అది తక్కువేమీ కాదనిపిస్తుంది.

నేను నది ఎగువన ఉన్న ఆరోగ్య కేంద్రంలో నర్సుని. రోజూ పొద్దున్నే టీకాల మందులున్న చల్లపెట్టె పట్టుకుని బావ లాంచీ ఎక్కేదాన్ని. నాతోపాటు డాక్టరు, మందుల పెట్టెలు, తిరుగు ప్రయాణంలో పెద్దాసుపత్రికి వెళ్లే రోగులు. ఆ రవాణా పనిమీదే బావ ఇల్లు నడిచేది.

అయితే పైన ఎక్కడో నీళ్లు ఆపేశారు. నది ఏటికేడాది చిక్కిపోయింది. ఎండలు మొదలైతే ఇసుక దిబ్బలూ గులకరాళ్లూ బయటపడేవి. లాంచీ అడుగున తిరిగే ఫ్యాను వాటికి తగిలి రెక్కలు విరిగేవి. మధ్యదారిలో అందరం దిగి తోసేవాళ్లం. చల్లపెట్టె నెత్తిన పెట్టుకుని మోకాల్లోతు నీళ్లలో నిలబడి నేను బావని తిట్టని తిట్టు లేదు. పాపం, నదిని తిడితే వినదు కదా.

చివరికి ఆరోగ్య శాఖ అధికారి తేల్చి చెప్పేశాడు. వచ్చే ఎండలనాటికి లోతులేని నీళ్లలో నడిచే పడవ తెచ్చి చూపిస్తే పని ఉంటుంది, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఎదురు మాట్లాడడానికి ఏమీ దొరకలేదు. ఆ పని పోతే బావకి మిగిలేది ఇంట్లో కుర్చీ. కుర్చీలో కూర్చున్న బావ నా ఊహకే అందేవాడు కాదు.

అలా మా ఇంట్లోకి జెట్ బోటు అనే మాట వచ్చింది. దానికి అడుగున ఫ్యాను ఉండదు. కడుపులో పంపు ఉంటుంది. కిందనుంచి నీళ్లు పీల్చి వెనకనుంచి గట్టిగా చిమ్ముతుంది, ఆ తోపుకి పడవ ముందుకి దూకుతుంది. పిక్కల్లోతు నీళ్లున్నా చాలు. కొత్తది కొనాలంటే ఇల్లమ్మి, ఇంటితోపాటు మమ్మల్ని కూడా అమ్మేసినా సరిపోదు. అందుకని పాతది చూడాలనుకున్నారు. లాంచీ అమ్మేశారు. అక్క టార్పాలిన్లూ పడవ సీట్ల తొడుగులూ లైఫ్ జాకెట్లూ కుట్టి దాచుకున్నది కూడా అందులో కలిసింది. అక్క ఆ డబ్బు ఇచ్చేటప్పుడు ఒకటే మాట అంది. "ఏవండీ, ఒక్కసారే కొనగలం. చూసి కొనండి."

"పడవ చూడ్డం నాకు చెప్తున్నావుటే?" అని నవ్వాడు బావ.

మొదట చూసింది ఒక రిటైరైన పళ్ల డాక్టరుగారి పడవ. ఆయన సెలవుల్లో సరదాకి తిరిగేవాడట. ఇంటి వెనక నీటిమీదే షెడ్డు, అందులో తెల్లటి బోటు. కూర్చునే బల్లలమీద ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఇంజను ఒక్క మాటకే పలికింది. ధర మా అందుబాటులోనే, ఇంకాస్త మిగిలేలా ఉంది. అక్కా నేనూ ఒకరి చెయ్యి ఒకరం నొక్కుకున్నాం. డాక్టరు మమ్మల్ని ఎక్కించుకుని నది మధ్యకి తీసుకెళ్లి, నడిపే చక్రం బావకిచ్చాడు.

బావ ఒక చుట్టు తిప్పాడు. బాగానే ఉంది. తరవాత షెడ్డు వైపు మళ్లించి, తన అలవాటు ప్రకారం అల్లంత దూరాన ఇంజను ఆపి చక్రం కుడికి తిప్పాడు. పడవ కుడికి వెళ్లలేదు. ఎడమకీ వెళ్లలేదు. ముక్కుసూటిగా పోయి రెల్లుపొదలో దూరింది. నా నెత్తినిండా రెల్లు.

"ఇంజను ఆపితే తిరగదండీ" అన్నాడు డాక్టరు, ఏ మాత్రం కంగారు పడకుండా. "చిమ్మే నీళ్లే దీనికి చుక్కాని. జెట్ బోట్లన్నీ అంతే."

బావ చాలా మర్యాదగా తలూపి, చాలా మర్యాదగా టీ తాగి, రోడ్డెక్కగానే ఉమ్మేశాడు. "అమ్మేవాడు 'అన్నీ అంతే' అన్నాడంటే సరుకులో లోపం ఉన్నట్టే లెక్క. చుక్కాని పోయింది దానికి. పళ్లు పీకేవాడికి పడవ గురించి ఏం తెలుసు?"

"ఆయన అబద్ధం చెప్పినట్టు లేడు బావా" అన్నాను.

"నువ్వు సూదులు పొడుచుకో మరదలా."

రెండోది పడవలు బాగుచేసే యార్డులో ఉంది. యజమానురాలు చేతినిండా గ్రీజుతో బయటికొచ్చి తానే పరదా లాగింది. చూపుకి మొదటిదంత అందంగా లేదుగానీ గట్టిగా ఉంది. బావ మళ్లీ అదే చేశాడు. ఇంజను ఆపాడు, చక్రం తిప్పాడు, పడవ తన దారిన తాను పోయింది. ఈసారి రెల్లు కాదు, లంగరేసి ఉన్న ఇంకో పడవ. యజమానురాలు గభాలున ఇంజనుకి ఊపునిచ్చే లివరు లాక్కుని మళ్లీ పలికించకపోతే రెండు పడవలూ మేమే కొనాల్సి వచ్చేది.

"ఆపకూడదయ్యా! భయం వేసినప్పుడే ఇంకాస్త ఇవ్వాలి దీనికి. అన్నీ అంతే" అందామె.

దారిలో బావ వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. చివరికి, "వీళ్లిద్దరూ కూడబలుక్కున్నారు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నోటిదాకా వచ్చింది. అక్క కళ్లతోనే వద్దంది. అంత నమ్మకంగా అడుగులేస్తూ తప్పుదోవన పోయే మనిషి వెనక నడవడం ఎంత నరకమో చెప్పలేను. తెలిసినవాడు తప్పు చేస్తుంటే తెలియనివాళ్లం ఏమని ఆపుతాం? నదిమీద ఆయన చెప్పిందే వేదం ఇన్నాళ్లూ. మా ప్రాణాలు ఎన్నోసార్లు ఆ చేతుల్లోనే ఉన్నాయి, ఎప్పుడూ జారిపోలేదు.

మూడోది తుక్కు ఇనుము కొనే ఆసామి దగ్గర దొరికింది. ఎర్రరంగు అప్పుడే వేసినట్టుంది, చెయ్యి పెడితే అంటుకునేలా ఉంది. ఇంజను పెద్ద గొంతుతో అరిచింది గానీ పడవ లేవడానికి బద్ధకించింది. లోపల ఎక్కడో డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు చప్పుడు. "ఇంత అరుస్తోంది, కదలదేం బావా?" అని అడిగాను. "కొత్తవాళ్లని చూసి బెరుకు" అన్నాడు.

బావ ఇంజను ఆపాడు. చక్రం తిప్పాడు.

పడవ తిరిగింది. మెల్లగానే, అయినా తిరిగింది. ఎవరో పాత యజమాని వెనకవైపు కిందికి రెండు ఇనుపరేకులు బిగించి పెట్టాడు, నీళ్లలో అవి చుక్కానిలా పనిచేస్తున్నాయి. చప్పుడు లేకుండా పడవ ఒడ్డుకి జారుకుంటూ వచ్చింది. బావ మొహం చూడాలి అప్పుడు. పరాయి దేశంలో తన భాష విన్నవాడిలా వెలిగిపోయింది. తుక్కు ఆసామి ఆ మొహాన్ని చూశాడు. చూసి, తగ్గిస్తానన్న ధరని మళ్లీ మొదటికి తెచ్చాడు.

అక్క నావైపు చూసింది. నేను అక్కవైపు చూశాను. మింగలేం, కక్కలేం. "ఇంకోసారి ఆలోచిద్దామండీ" అంది అక్క, ఆయనకి వినపడేంత గట్టిగా కూడా కాదు. ఆయన అప్పటికే పడవ ముక్కుమీద చెయ్యి వేసి నిమురుతున్నాడు.

కొన్న మర్నాడు పడవని మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. కొనేముందు చూపించాల్సింది కొన్నాక చూపించడం మా ఇంటి అలవాటు. మెకానిక్ కింద దూరి, టార్చి వేసి, పంపులోకి వేలు పెట్టాడు. వేలు తీసి బావకి చూపించాడు. "ఈ రెక్కల చక్రానికీ గొట్టానికీ మధ్య గోరు కూడా దూరకూడదు సరంగూ. నా వేలే దూరింది. గులకరాళ్లు మింగీ మింగీ అరిగిపోయింది. పీల్చిన నీళ్లలో సగం వెనక్కి జారిపోతాయి."

పైన పటారం, లోన లొటారం.

"మరి వెనక ఈ రేకులు?" అని అడిగాడు బావ.

"ఇవెవడు పెట్టాడో మహానుభావుడు! లోతు తక్కువైన చోట ముందు తగిలేవి ఇవే. ఇవి కావాలనుకుంటే నీ లాంచీ ఏం పాపం చేసింది, అదే ఉంచుకోవాల్సింది. జెట్ బోటుకి నీళ్లు చిమ్ముతుంటేనే తిరగడం. ఆగాలన్నా అంతే. వెనక ఈ మూత దించితే చిమ్మే నీళ్లు ముందుకి మళ్లుతాయి, అప్పుడు ఆగుతుంది. ఆగడానికి కూడా ఇంజను నడుస్తుండాల్సిందే. అన్నీ అంతే."

మూడోసారి ఆ మాట. ఈసారి చెప్పినవాడికి అమ్మేదేమీ లేదు. బావ అక్కడ బోర్లించిన ఒక డబ్బామీద కూలబడ్డాడు. కాసేపయ్యాక నా ఫోను అడిగి పళ్ల డాక్టరుకి తానే చేశాడు. ఆ తెల్లబోటు అమ్ముడైపోయిందట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తుక్కు ఆసామి దగ్గరికి అక్క వెళ్లి నిలదీసింది. "చూసుకునే కొన్నారుగా అమ్మా" అన్నాడు. నిజమే కదా, అదే పెద్ద బాధ.

ఉన్నదంతా ఊడ్చి పంపు బాగుచేయించాం. ఆ గులకరాళ్ల చప్పుడు పోయింది, పడవకి ఊపు వచ్చింది. రేకులు మాత్రం బావ తీయనివ్వలేదు. "ఉండనీ, చూద్దాం" అన్నాడు. మొదటి ఇసుకదిబ్బ మీదే అవి రెండూ ఊడిపోయాయి. అడుగున కర్‌మని చప్పుడైంది, అంతే. బావ వెనక్కి కూడా తిరిగి చూడలేదు. నేను చూశాను. రెండూ ఇసుకలో గుచ్చుకుని ఉండిపోయాయి.

ఆ రోజే రేవులో మొదటిసారి గుద్దాం. దూరంనుంచి వస్తూ బావ తనలో తానే, "ఆపకూడదు, ఆపకూడదు" అనుకుంటున్నాడు. నేను విన్నాను. మెట్లు దగ్గరయ్యాయి. మెట్లమీద జనం ఉన్నారు. అంతే, ఆయన చెయ్యి లివరుని వెనక్కి లాగేసింది. చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పడవ రాయి విసిరినట్టు పోయి మెట్లకి తగిలింది. నా చల్లపెట్టె ఎగిరిపడింది, నా మోకాలు చీరుకుపోయింది. జనం ముందే తప్పుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇంట్లో అక్క చప్పుడు ఆగింది కదాని టీకి నీళ్లు పెట్టిందట. ఆ తరవాత ధన్‌మన్న శబ్దం విని పొయ్యి ఆపకుండానే పరుగెత్తుకొచ్చింది.

బావ నా మోకాలు చూశాడు. నన్ను ఏడిపించలేదు. అప్పుడే నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ తరవాత రోజూ ఖాళీ పడవతో సాధన. నీళ్లలో ఖాళీ డ్రమ్ము ఒకటి లంగరేసి, దాన్నే రేవు అనుకుని చేరడం. నదికి సెలవిచ్చినట్టు మధ్యాహ్నాలు ఎవరూ ఉండరు. అక్కా నేనూ మెట్లమీద కూర్చుని చూసేవాళ్లం. డ్రమ్ము దూరంగా ఉన్నంతసేపూ అద్భుతంగా నడిపేవాడు. దగ్గరయ్యేసరికి ఆ చెయ్యి! పాపం ఆ డ్రమ్ము ఎన్ని సొట్టలు పడిందో. నిండుగా ఉన్న మనిషి రోజురోజుకీ కుదించుకుపోవడం కళ్లారా చూశాం. గట్టుమీద మిగతా సరంగులు మొదట నవ్వారు, తరవాత నవ్వడం మానేసి తల తిప్పుకుని పోవడం మొదలుపెట్టారు. నవ్వే నయం.

"తల వింటోంది మరదలా. చెయ్యి వినడం లేదు" అన్నాడొక రోజు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, తప్పు చేసిన పిల్లాణ్ణి నిలబెట్టినట్టు నాకు చూపించాడు. నేను నర్సుని. దానికి మందేదైనా ఉంటే ఎక్కడున్నా తెచ్చేదాన్ని. "అదే అలవాటైపోతుందిలే బావా" అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అధికారి వచ్చే రోజు దగ్గరపడుతోంది.

ఆ మధ్యాహ్నం డ్రమ్ము ఏకంగా లంగరు తెంపుకుని కొట్టుకుపోయింది. అక్కకి కోపం వచ్చింది. డబ్బు పోయినప్పుడు రాని కోపం, డ్రమ్ము పోతే వచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, నీళ్లలోకి దిగి పడవెక్కింది. "లేవండి. నేను చూస్తాను."

బావ పగలబడి నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. నవ్వుతూనే లేచి చోటిచ్చాడు. "నదిలో పడేస్తే నా బాధ్యత లేదు" అని నావైపు చూసి అరిచాడు.

అక్క ఆ ముందెప్పుడూ ఏ పడవా నడపలేదు. అందుకని ఇంజను ఆపి రావాలనే సంగతే ఆమె చేతులకి తెలియదు. ఆమెకి తెలిసింది కుట్టుమిషను. మిషను తొక్కుతుంటేనే గుడ్డ తిరుగుతుంది, తొక్కడం ఆపి గుడ్డని లాగితే సూది విరుగుతుంది. మలుపు దగ్గర నెమ్మదిగా తొక్కాలి, అంతేగానీ ఆపకూడదు. నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని, టార్పాలిన్ అంచు కుట్టేటప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది. మొదటిసారి కాస్త వంకరగా వచ్చింది. రెండోసారి దూరంగా పోయింది. మూడోసారి ఇంజను నడుస్తుండగానే వెనక మూత కొంచెం కొంచెం దించుతూ వచ్చి, నేను కూర్చున్న మెట్టు పక్కన నిలిపింది. తగల్లేదు.

బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు ఎప్పుడు ఆపాలో తెలియని మనిషిలా, నవ్వు మొహంమీద అలాగే ఉండిపోయింది.

"బాగానే వచ్చింది" అన్నాడు చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "మూత కొంచెం ముందే దించు" అని ఒక సలహా కూడా ఇచ్చాడు. తరవాత పడవ కట్టేసి, మాకంటే ముందు ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. అక్క చక్రం పట్టుకునే కూర్చుంది. "ఎందుకు ఎక్కానే నేను?" అంది నాతో. ఏడుస్తోంది. పని దక్కుతుందని ఇద్దరికీ అర్థమైంది, అయినా ఇద్దరం ఏడ్చాం.

అధికారి వచ్చి చూశాడు, సరేనన్నాడు. లైసెన్సున్న సరంగు పడవలో ఉంటే చాలట, సరంగు కళ్లెదుట చక్రం ఎవరు పట్టుకున్నా ఫరవాలేదట. "బాధ్యత మాత్రం మీదే" అన్నాడు బావతో. "నాదే" అన్నాడు బావ.

అనుమతి వచ్చాక మొదటి ప్రయాణం పొద్దున బావ పడవెక్కి అలవాటు కొద్దీ చక్రం దగ్గరికి నడిచాడు. అక్క ఇంకా గట్టుమీదే ఉంది. చక్రంమీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, దానిమీద మంచు తడిని తువ్వాలుతో తుడిచి, వెనక్కి వచ్చాడు. ఎవరి వెనకా నిలబడలేదు. బల్లమీద నా పక్కన కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి కూర్చున్నాడు. అక్క ఎక్కి, వెనక్కి తిరిగి చూడకుండా, "అందరూ లైఫ్ జాకెట్లు కట్టుకోండి" అంది. బావ బల్లకింద వెతికి, ఆమె కుట్టిన జాకెట్టే ఒకటి తీసి తొడుక్కున్నాడు. పట్టీ ఎలా బిగించాలో ఆయనకి తెలియలేదు. ఎప్పుడూ తొడుక్కుంటే కదా. నేనే బిగించాను.

దిబ్బలు దాటాం, గులకరాళ్లమీదనుంచి నీళ్లలా జారిపోయాం. ఎగువ రేవు కనిపించింది. మెట్లమీద పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడి ఉన్నారు. రేవు దగ్గరైంది. అల్లంత దూరం వచ్చింది, ఎప్పుడూ చప్పుడు ఆగే చోటు. అక్క ఇంజనుకి ఇంకాస్త ఇచ్చింది.

నా పక్కన, బావ మోకాలుమీద ఉన్న కుడిచెయ్యి మెల్లగా మూసుకుని, వెనక్కి లాగింది. అక్కడ లివరు లేదు. ఆయనకి తెలియనే తెలియదు, కళ్లు మెట్లమీదే ఉన్నాయి. పడవ మోతతోనే వెళ్లి మెట్టు పక్కన ఆగింది. ఎవరి ఒళ్లోనో పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు మొదలుపెట్టింది.

"చప్పుడుకి లేచింది" అన్నాడు బావ.